ముందుగా కట్టిన సొమ్మునకు వడ్డీ

2023వ సంవత్సరము అక్టోబరు మాసారంభమున ఇంగ్లండునుండి మాకు ఈమెయిలు ద్వారా ఒక ఉత్తరము వచ్చెను. వ్రాసినది మా పాఠశాలలో చదివి, పిమ్మట నర్సు పని నేర్చి, ఆ దేశపు ప్రభుత్వ వైద్యశాలలో ఉద్యోగము చేయుచున్న పూర్వ విద్యార్థిని. క్షేమసమాచారములైన తరువాత ఆమె యిట్లు వ్రాసియుండెను: “మాష్టారుగారూ, ఏప్రిలు నెలలో మేమీ యింటిలోనికి వచ్చితిమి. కరెంటునకును గ్యాసునకును కలిపి కంపెనీవారు మా బ్యాంకు ఖాతానుండి నెలకు 195 పౌనులు తీసికొనుచున్నారు. ఇప్పుడు చూడగా వారి లెక్కలో మా పేర 610 పౌనులు జమయున్నట్లు కనబడుచున్నది. అమ్మ కంటి శస్త్రచికిత్సకు డబ్బు పంపవలసియున్నది. ఈ సొమ్ము మాదేనా? తిరిగి యిమ్మని అడిగిన వారేమనుకొందురో! ఇన్నాళ్లు వారియొద్ద నున్నందులకు వడ్డీ యేమైన వచ్చునా? లెక్కలు నేర్పినవారు మీరే గనుక మిమ్మునే అడుగుచున్నాను.”

ఈ ప్రశ్నలలో నడిమిది లెక్కకు సంబంధించినది కాదు. అయినను దానిని చదివినప్పుడే మా మనస్సు కొంచెము నొచ్చెను. తన సొమ్మును తాను అడుగుటకు సంకోచించుట మన బీద కుటుంబములలో పుట్టి పెరిగిన పిల్లలకు అలవాటు. దుకాణములో చిల్లర తక్కువ యిచ్చినను నోరు మెదపక వచ్చుదురు. ఆమెకు మేము వ్రాసిన జవాబునే కొంత విస్తరించి ఈ సంచికలో ప్రకటించుచున్నాము. విదేశములలో బిడ్డలున్న తల్లిదండ్రులు మన పాఠశాల కుటుంబమునందు పలువురున్నారు. లెక్కల పుస్తకమునందలి సగటును వడ్డీయును ఎందుకు పనికివచ్చునని అడుగు విద్యార్థులు అంతకంటెను ఎక్కువగా నున్నారు.

మొదట ఆ దేశపు ఏర్పాటు తెలిసికొనవలెను. బ్రిటనులో కరెంటు తీగెలును గ్యాసు గొట్టములును ఒక కంపెనీవి. వానిగుండా వచ్చు కరెంటును గ్యాసును గృహస్థునకు అమ్మునది వేఱొక కంపెనీ. 1999వ సంవత్సరమునాటికి ప్రతి గృహస్థునకును తన కిష్టమైన కంపెనీయొద్ద కొనుక్కొను స్వాతంత్ర్యము కలిగెను. ఈ కంపెనీలపై విచారణకర్తగా ఆఫ్‌జెమ్ అను సంస్థ యున్నది. లైసెన్సు లిచ్చుట, నిబంధనలు విధించుట దాని పని. బిల్లు కట్టుటకు అనేక మార్గములున్నవి గాని, ఎక్కువమంది అనుసరించునది డైరెక్టు డెబిట్. అనగా ఖాతాదారుడు ఒకమారు సమ్మతి నిచ్చినమీదట కంపెనీవారే అతని బ్యాంకు ఖాతానుండి సొమ్ము రాబట్టుకొను పద్ధతి. ఇది ఆ దేశమున 1964లో మొదలయ్యెను. పొరపాటున ఎక్కువ తీసికొన్నచో బ్యాంకు వెంటనే తిరిగి యిచ్చును. ఖాతాదారుడు తలచినప్పుడు ఆ సమ్మతిని రద్దుచేసికొనవచ్చును. మనయొద్ద ఇన్సూరెన్సు కిస్తీలును ఇంటి అప్పు కిస్తీలును నెలనెలయు ఖాతానుండి వాటంతటవే పోవుట తల్లిదండ్రులలో పలువురెఱిగినదే.

ఇక్కడ ఋతువుల సంగతి చెప్పవలెను. మనకు ఎండకాలమున పంకాలవలనను ఏ.సీ.లవలనను బిల్లు పెరుగును. అక్కడ దీనికి తలక్రిందులు. చలికాలమున ఇల్లు వెచ్చగా నుంచుకొనుటకు రాత్రింబవళ్లు గ్యాసు మండించవలెను గనుక జనవరి బిల్లు జూలై బిల్లునకు మూడు నాలుగు రెట్లు కావచ్చును. జీతము మాత్రము నెలనెలకు ఒక్కటియే. కావున సంవత్సరమున కయ్యెడు మొత్తము ఖర్చును అంచనా వేసి, పండ్రెండింట భాగించి, నెలకింత యని సమముగా తీసికొందురు. వేసవిలో మిగిలినది చలికాలమునకు ఉపయోగపడును.

ఇందులో తప్పేమియు లేదు. గాదెలో ధాన్యము నిల్వచేసికొను రైతుకు ఈ సంగతి ఒకరు బోధింపనక్కరలేదు. అయితే రైతు గాదె అతని యింటనే యుండును. ఈ గాదె కంపెనీవారి యింటనున్నది.

ఉదాహరణకు ఒక యింటికి సంవత్సరమున 1,800 పౌనుల కరెంటును గ్యాసును ఖర్చగు ననుకొందము. నెలకు 150. వాడకము ఏప్రిలులో 140, మేలో 100, జూనులో 80, జూలైలో 75, ఆగస్టులో 75, సెప్టెంబరులో 90. ఈ ఆరు నెలలకు వాడినది 560, కట్టినది 900. సెప్టెంబరు ఆఖరున జమ 340 పౌనులు. పిమ్మట అక్టోబరు 140, నవంబరు 190, డిసెంబరు 240, జనవరి 260, ఫిబ్రవరి 220, మార్చి 190. మార్చి ఆఖరునకు సరిగా సున్న. తొమ్మిదవ తరగతివారు ప్రతి నెలాఖరు నిల్వను కాగితముపై వేసి చూచెదరుగాక: 10, 60, 130, 205, 280, 340, 350, 310, 220, 110, 40, 0. వీని మొత్తము 2,055. పండ్రెండింట భాగించిన 171 పౌనుల 25 పెన్సులు. అనగా ఆ గృహస్థుడు సంవత్సరమంతయు సుమారు 171 పౌనులను కంపెనీకి చేబదులుగా నిచ్చినట్లే. అతనిని అప్పిమ్మని ఎవరును అడుగలేదు. తా నిచ్చుచున్నానని అతడును ఎఱుగడు.

దీనికి వడ్డీ యెంత? అది కాలమునుబట్టి మారును. ఇంగ్లండు బ్యాంకువారి మూల వడ్డీరేటు 2020 మార్చినుండి 2021 డిసెంబరు వరకు నూటికి 0.1 మాత్రమే. ఆ లెక్కను 171 పౌనులకు ఏడాది వడ్డీ 17 పెన్సులు. దానికై ఎవరు తగవులాడుదురు? కాని 2023 ఆగస్టునాటికి ఆ రేటు 5.25 శాతమునకు పెరిగెను. అప్పుడా 171 పౌనులకే వడ్డీ సుమారు 9 పౌనులయ్యెను. ఒక యింటికి ఇదియు గొప్ప మొత్తము కాదు. అయితే పదిలక్షల ఇండ్లుగల కంపెనీని తలంచుడు: నిల్వ 17 కోట్ల పౌనులు దాటును, దానిపై ఏటి వడ్డీ 90 లక్షల పౌనులు. చినుకు లెక్కకు రాదు, చెరువు వచ్చును.

న్యాయముగా రెండవ ప్రక్కను కూడ చెప్పవలెను. పై గృహస్థుడే ఏప్రిలులో గాక అక్టోబరులో ఆ యింట చేరెననుకొనుడు. అదే 150 పౌనులు కట్టుచుండగా మార్చి ఆఖరునకు అతడే కంపెనీకి 340 పౌనులు బాకీపడును. ఆ బాకీ తీరునప్పటికి మరల సెప్టెంబరు వచ్చును. ఈ బాకీకి కంపెనీవారు సామాన్యముగా వడ్డీ అడుగరు. మఱియొకటి. డైరెక్టు డెబిట్ ద్వారా కట్టువారికి, బిల్లు వచ్చిన పిమ్మట కట్టువారికంటె ధర కొంత తక్కువ. వసూలు ఖర్చు తగ్గుట, మొండిబాకీలు తక్కువగుట, సొమ్ము ముందుగా చేతికి వచ్చుట ఇందుకు కారణములు. కాబట్టి “మీకు రావలసిన వడ్డీని ధరలోనే తగ్గించి యిచ్చుచున్నాము” అని కంపెనీవారనిన, ఆ మాటలో కొంత నిజమున్నది.

కొంత నిజమే గాని పూర్తి నిజము కాదని మా యభిప్రాయము. ధరలో తగ్గింపు అందరికి నొక్కటే. నిల్వ యందరికి నొక్కటి కాదు. 100 పౌనులు నిల్వయున్న వానికిని 600 నిల్వయున్న వానికిని అదే తగ్గింపు లభించినచో, ఎక్కువ నిల్వ చేయించుకొనుటవలన కంపెనీకి నష్టమేమి? లాభమే. వడ్డీ యియ్యవలసివచ్చినచో సంగతి మారును. అవసరమునకు మించి ఒక్క పౌను ఉంచుకొన్నను దానికి వెల చెల్లింపవలెను గనుక, అంచనాను జాగ్రత్తగా వేయుదురు. గృహస్థునకు వచ్చు 9 పౌనులకంటె ఈ జాగ్రత్తయే విలువైనదని మాకు తోచుచున్నది.

ఇది కేవలము మా ఊహ కాదు. అట్టి వడ్డీని నిజముగా నిచ్చిన కంపెనీ యున్నది. ఓవో ఎనర్జీ అనునది 2010 తరువాతి దశాబ్దములో డైరెక్టు డెబిట్ ఖాతాదారుల నిల్వలపై మొదటి సంవత్సరము నూటికి 3, రెండవ సంవత్సరము 4, మూడవ సంవత్సరము మొదలుకొని 5 చొప్పున జమకట్టుచుండెను. ఆ రోజులలో ఇంగ్లండు బ్యాంకు రేటు ఒక శాతమునకు లోపుగానే యుండెను. కనుక అది ఉదారమైన వడ్డీయే. ఖాతాదారులను ఆకర్షించుటకు చేసిన పని యనిన అనవచ్చును, అందువలన దాని మేలు తగ్గదు. అయినను ఇది ఆ కంపెనీ యిష్టముచేత జరిగినది. ఆఫ్‌జెమ్ లైసెన్సు నిబంధనలలో వడ్డీ మాట లేదు. తమకున్న సమాచారములో మిక్కిలి నమ్మదగినదానినిబట్టి నెల మొత్తమును నిర్ణయింపవలెననియు, దాని నెట్లు నిర్ణయించిరో ఖాతాదారునకు తెలియునట్లు చెప్పవలెననియు, నిల్వను అతడు అడిగినప్పుడు నిరాకరించుటకు న్యాయమైన హేతువు లేనియెడల తిరిగి యియ్యవలెననియు మాత్రమున్నది.

అవసరమునకు మించిన నిల్వలెంత? 2018 అక్టోబరునాటికి అవి 140 కోట్ల పౌనులవరకు, అనగా ఇంటికి సగటున 65 పౌనులు, ఉండెనని ఆఫ్‌జెమ్ అంచనా వేసెను. 2021 మార్చిలో ఆ సంస్థ, ఖాతాదారుడు అడుగకయే సంవత్సరమున కొకమారు మిగులును తిరిగి యిప్పింపవలెనని ప్రతిపాదించెను. అది అమలులోనికి రాలేదు. ఏలయనగా ఆ సంవత్సరముననే గ్యాసు టోకు ధరలు ఆకాశమంటెను. తక్కువ ధరకు అమ్ముదుమని మాట యిచ్చి, ముందుగా సరకు కొనియుంచని చిన్న కంపెనీలు వరుసగా కూలిపోయెను. 2021 జూలైనుండి ఒక సంవత్సరములోపల 28 కంపెనీలు మూతపడి, 24 లక్షల ఖాతాదారులు ఇతర కంపెనీలకు మార్పబడిరి. ఇవిగాక బల్బ్ అను పెద్ద కంపెనీ ప్రత్యేక పరిపాలనలోనికి పోయెను.

అప్పుడు బయటపడిన సంగతి యేమనగా, కొన్ని కంపెనీలు ఖాతాదారుల నిల్వలనే తమ మూలధనమువలె వాడుకొనుచుండెను. కంపెనీ పోయినను ఆ నిల్వలు పోలేదు. క్రొత్త కంపెనీ వానిని ఒప్పుకొనవలెనను ఏర్పాటుండుటచేత గృహస్థులు నష్టపడలేదు. కాని ఆ సొమ్ము ఆకాశమునుండి ఊడిపడునా? 28 కంపెనీలు కూలుటవలన కలిగిన మొత్తము భారము 270 కోట్ల పౌనులనియు, ఇంటికి 94 పౌనుల చొప్పున దేశములోని బిల్లులన్నిటిపై పడుననియు ఆ దేశపు జాతీయ లెక్కల తనిఖీ కార్యాలయము 2022 జూనులో తెలిపెను. అందులో ఖాతాదారుల నిల్వలు ఒక భాగము. గ్యాసును అప్పటి ధరకు కొనవలసివచ్చుట అంతకంటె పెద్ద భాగము. ఎట్లయినను, ఏ కంపెనీతోను సంబంధములేని విధవరాలు కూడ ఆ 94 పౌనులు కట్టవలసివచ్చెను. దీని తరువాత నిల్వలన్నిటిని వేఱుగా పెట్టించవలెనా యను చర్చ చాలదినములు సాగెను. కట్టకడపట ఆఫ్‌జెమ్ అట్లు చేయక, ప్రతి కంపెనీయు 2025 మార్చి ఆఖరునకు ఒక్కొక్క ఖాతాదారునకు 115 పౌనుల చొప్పున స్వంత మూలధనము చూపవలెననియు, బలహీనమైన కంపెనీ విషయమున నిల్వలను వేఱుగా పెట్టుమని ఆజ్ఞాపించు అధికారము తనకుండవలెననియు నిర్ణయించెను.

ఇక మా విద్యార్థిని సంగతి. ఆమె లెక్కను పరిశీలింపగా వాడకము పైన మేము చెప్పిన ఉదాహరణమువంటిదే. ఆరు నెలలలో 560 పౌనులు వాడిరి. కట్టినది మాత్రము 195 చొప్పున 1,170. కంపెనీవారు ఆ యింట పూర్వము కాపురమున్న అయిదుగురి కుటుంబపు వాడకమునుబట్టి అంచనా వేసిరి. ఇప్పుడున్నది ఆమెయు భర్తయు మాత్రమే, అందులోను ఇద్దరును సగము రాత్రులు వైద్యశాలలోనే గడుపుదురు. సెప్టెంబరు ఆఖరున 340 నిల్వయుండుట న్యాయము, ఏలయనగా చలికాలము ముందున్నది. 270 మాత్రము మిగులు. కనుక ఆమెకు మేము వ్రాసినదేమనగా: “అమ్మా, సొమ్మంతయు నీదే. అయినను 610 అడుగవద్దు. అడిగిన జనవరిలో నీవే బాకీపడుదువు. ముందు మీటరు అంకెలు చూచి వారికి పంపుము. పిమ్మట 270 పౌనులు తిరిగి యిమ్మనియు, నెల మొత్తమును 150కి తగ్గింపుమనియు అడుగుము. వారేమనుకొందురో యని భయపడకుము. నీవు వారికి అప్పిచ్చినదానవు. అప్పిచ్చినవారు సిగ్గుపడుట మేమెక్కడను చూడలేదు.” మార్చి, ఏప్రిలు నెలలలో నిల్వ ఎంత యున్నదో తప్పక చూడుమనియు వ్రాసితిమి. చలికాలము గడచిన పిమ్మట కూడ వందలకొలది పౌనులు మిగిలియున్నచో ఆ అంచనా తప్పని చెప్పుటకు వేఱొక రుజువక్కరలేదు.

ఆమె రెండు దినములు తటపటాయించి అడిగెను. కంపెనీవారు మీటరు అంకెలను మరియొకమారు కోరి, పిమ్మట 270 పౌనులు బ్యాంకు ఖాతాలో వేసిరి. నాటి మారకము లెక్కను అది సుమారు 27 వేల రూపాయలు. నెల మొత్తమును కూడ తగ్గించిరి. వడ్డీ సంగతి అడుగగా అట్టి యేర్పాటు తమకు లేదని మర్యాదగానే జవాబు చెప్పిరట. మేము లెక్క వేసి చూడగా ఆ ఆరు నెలలకు సుమారు 8 పౌనులు కావలసియుండెను.

ఇది చదువుచున్న తల్లిదండ్రులకు మన కరెంటు బిల్లు జ్ఞప్తికి వచ్చియుండును. మనయొద్ద వాడిన పిమ్మటనే బిల్లు వచ్చును గనుక ఇట్టి నిల్వ యేర్పడదు. కాని కనెక్షను తీసికొనునప్పుడు మనము కట్టు డిపాజిట్టు ఒకటున్నది. వాడకము పెరిగినకొలది ఏసీడీ అను పేర అదనపు డిపాజిట్టు కూడ అడుగుచున్నారు. ఇదియు మన సొమ్మే, బాకీపడినయెడల వసూలు చేసికొనుటకై వారియొద్ద హామీగా నుంచినది. ఈ విషయమున మన చట్టము బ్రిటిషు నిబంధనలకంటె స్పష్టముగా మాటలాడుచున్నది. 2003వ సంవత్సరపు విద్యుచ్చట్టము 47వ సెక్షను ప్రకారము, విద్యుత్తు సరఫరా చేయు సంస్థ ఆ డిపాజిట్టుపై బ్యాంకు రేటునకు తక్కువ కాకుండ, రాష్ట్ర నియంత్రణ మండలి నిర్ణయించిన వడ్డీని చెల్లింపవలెను. ముందుగా డబ్బు చెల్లించి వాడుకొను ప్రీపెయిడ్ మీటరునకు ఒప్పుకొన్నవారిని వాడకపు సొమ్ముకై డిపాజిట్టు అడుగరాదనియు అదే సెక్షనులో నున్నది. ఇచ్చట బ్యాంకు రేటనగా రిజర్వు బ్యాంకువారు ప్రకటించునది. 2023 ఫిబ్రవరినుండి రెండు సంవత్సరములు అది 6.75 శాతముగా నుండెను. ఈ వడ్డీని చేతికియ్యక బిల్లులో తగ్గింతురు. బిల్లు మొత్తమును మాత్రమే చూచి కాగితమును మడచి పెట్టువారికి అది కనబడదు.

శస్త్రచికిత్స జరిగిన మరుసటి సంవత్సరము వేసవిలో, ఆ విద్యార్థిని తల్లిగారు క్రొత్త కన్నుతో చదువుకొనగలుగుచున్న సంతోషమున తమ కరెంటు బిల్లును తీసికొని మా యింటికి వచ్చిరి. అందొక పంక్తి యామెకు అర్థము కాలేదట. డిపాజిట్టు 1,800 రూపాయలపై వడ్డీ 121 రూపాయల 50 పైసలు జమయని దానియందున్నది.

“ఇది యెవరు పంపినది, మాష్టారుగారూ? అమ్మాయియేనా?” అని ఆమె అడిగిరి.

కాదనియు, ఆమె భర్త యెప్పుడో కట్టిన డిపాజిట్టునకు వచ్చిన వడ్డీయనియు వివరించితిమి. ఆమె కాగితమును కొంతసేపు చూచి, “మఱి అమ్మాయికి అక్కడ ఎంత యిచ్చిరి?” అనిరి.

ఏమియు నియ్యలేదని చెప్పితిమి.